ముద్ద అడ్డం పడకముందే

అన్నవాహిక క్యాన్సర్ రోగి ఎంతకాలం బతకగలడో సూచించే మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరిశోధన ఫలక్‌నుమా వంటి బస్తీలకు ఏం చెబుతోంది?

మనిషికి వచ్చే క్యాన్సర్లలో బాగా ఆలస్యంగా బయటపడి, బయటపడ్డాక అతి తక్కువ వ్యవధి మిగిల్చే వాటిలో అన్నవాహిక క్యాన్సర్ ఒకటి. గొంతు నుంచి జీర్ణాశయం దాకా సుమారు 25 సెంటీమీటర్ల పొడవున దిగే ఈ కండర గొట్టానికి సాగే గుణం ఉండటంతో, లోపల కణితి పెరుగుతున్నా ఆహారానికి చాలాకాలం దారి దొరుకుతూనే ఉంటుంది. గొట్టం బాగా ఇరుకైన తర్వాత గానీ ముద్ద అడ్డం పడదు. మొదట రొట్టె, మాంసం వంటి గట్టి పదార్థాలు, తర్వాత మెత్తటి అన్నం, చివరికి మంచినీళ్లు కూడా దిగని స్థితికి రోగి చేరేసరికి జబ్బు చాలామందిలో గోడను దాటి పక్కనున్న శోషరస గ్రంథుల్లోకి పాకి ఉంటుంది. పేగులను చుట్టి ఉండే పలుచని బయటి పొర అన్నవాహికకు చాలా భాగంలో లేకపోవడమూ, దాని గోడలోనే శోషరస నాళాలు దట్టంగా అల్లుకుని ఉండటమూ ఈ వ్యాప్తికి తోడ్పడతాయి.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5.11 లక్షల మందిలో ఈ జబ్బు కొత్తగా బయటపడగా, 4.45 లక్షల మంది దీనికి బలయ్యారు. భారతదేశంలో 2020 నాటి అంచనాలు చూస్తే కొత్త కేసులు సుమారు 63 వేలు, మరణాలు సుమారు 58 వేలు. జబ్బు పడినవారి సంఖ్యకూ చనిపోయినవారి సంఖ్యకూ మధ్య ఇంత తక్కువ తేడా ఉండటమే ఈ క్యాన్సర్ తీవ్రతను చెబుతుంది. అయితే ఒకే దశలో జబ్బు బయటపడి, ఒకే చికిత్స పొందిన ఇద్దరు రోగుల్లో ఒకరు ఏళ్ల తరబడి బతికి, మరొకరు నెలల్లోనే ఎందుకు కన్నుమూస్తారన్న ప్రశ్నకు కణితి పరిమాణమూ వ్యాప్తీ మాత్రమే జవాబు చెప్పలేకపోతున్నాయి. ఆ జవాబు కోసం గత రెండు దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు వెతుకుతున్న చోట్లలో ముఖ్యమైనది మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనే అతి చిన్న అణువు.

గుట్ట కింద బతుకులు

హైదరాబాద్‌లో చార్మినార్‌కు దక్షిణాన, పైగా వంశీకుడైన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో నిర్మాణం మొదలుపెట్టిన ఫలక్‌నుమా రాజసౌధం గుట్ట మీద నిలిచి ఉండగా, దాని చుట్టూ ఇంజన్‌బౌలి, జహానుమా, షంషీర్‌గంజ్ గల్లీల్లో రోజు కూలీలు, ఆటో డ్రైవర్లు, చిన్న దుకాణదారులు, జరీ పనివాళ్లు బతుకుతున్నారు. ఈ జబ్బు గురించి మాట్లాడటానికి ఫలక్‌నుమా తగిన చోటే. అన్నవాహిక క్యాన్సర్‌కు కారణాలుగా ప్రపంచమంతా గుర్తించిన వాటిలో చాలా భాగం ఇక్కడి పాన్ డబ్బాల దగ్గరా, హోటళ్ల దగ్గరా నిత్యం కనిపిస్తాయి. పొగాకు వేసిన తాంబూలం నోటికే కాక గొంతుకూ అన్నవాహికకూ క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. జర్దా పాన్, గుట్కా, ఖైనీ, బీడీ ఏ రూపంలో తీసుకున్నా పొగాకులోని విషపదార్థాలు లాలాజలంతో కలిసి గొట్టం పొడవునా దిగుతాయి. మద్యం మరో ప్రధాన కారణం కాగా, పొగాకూ మద్యమూ కలిసినప్పుడు ముప్పు మరింతగా పెరుగుతుంది.

వేడి విషయం కూడా చెప్పుకోవాలి. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి పానీయాలు బహుశా క్యాన్సర్ కారకాలని అదే సంస్థ 2016లో వర్గీకరించింది. ఇరాన్‌లోని గోలెస్తాన్ ప్రాంతంలో 50 వేల మందిని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలో, 60 డిగ్రీలకు మించిన వేడితో రోజుకు 700 మిల్లీలీటర్లకు పైగా టీ తాగేవారికి ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం, తక్కువ వేడితో తక్కువ టీ తాగేవారి కంటే దాదాపు 90 శాతం ఎక్కువని తేలింది. ఇందులో తప్పు చాయ్‌ది కాదు, పొగలు కక్కుతుండగానే గొంతులో పోసుకునే అలవాటుది; ఇరానీ చాయ్‌ను నాలుగైదు నిమిషాలు ఆరనిచ్చి తాగితే రుచీ పోదు, గొట్టం లోపలి పొరా కాలదు.

అన్నవాహిక క్యాన్సర్లలో రెండు ప్రధాన రకాలున్నాయి. లోపలి పొరలోని పలకల్లాంటి కణాల నుంచి పుట్టేది పొలుసు కణ క్యాన్సర్. గొట్టం కింది భాగంలో, ఎక్కువగా ఏళ్ల తరబడి ఆమ్లం ఎగదన్నడం వల్ల మారిపోయిన గ్రంథి కణాల నుంచి పుట్టేది ఎడినోకార్సినోమా. పాశ్చాత్య దేశాల్లో రెండోది పెరుగుతుండగా, భారతదేశంలో ఇప్పటికీ పొలుసు కణ క్యాన్సర్‌దే పైచేయి. పొగాకు, మద్యం, వేడి పదార్థాలు ఎక్కువగా దెబ్బతీసేది ఈ పొలుసు కణాలనే.

పురుగు చెప్పిన రహస్యం

కణంలోని డీఎన్‌ఏలో ఉండే సమాచారం మొదట మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే నకలుగా మారి, ఆ నకలును బట్టి ప్రోటీన్ తయారవుతుందన్నది జీవశాస్త్రంలోని ప్రాథమిక పాఠం. ఆ నకలు తయారయ్యాక కూడా దాని నుంచి ప్రోటీన్ రాకుండా ఆపగల అతి చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఉన్నాయని 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తల బృందాలు వేర్వేరుగా చూపాయి. మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ అనే పురుగు ఎదుగుదలను పరిశీలిస్తుండగా, లిన్-4 అనే జన్యువు నుంచి ప్రోటీన్ ఏదీ రాకపోగా, 22 అక్షరాల పొడవున్న ఒక ఆర్‌ఎన్‌ఏ మాత్రమే వచ్చి లిన్-14 అనే మరో జన్యువు పనిని అడ్డుకుంటున్నట్టు వారు గుర్తించారు. పురుగుకే పరిమితమైన వింతగా చాలామంది భావించిన ఈ సంగతి, 2000లో రవ్‌కన్ బృందం మనిషితో సహా అనేక జీవుల్లో ఉన్న లెట్-7 అనే మరో ముక్కను గుర్తించాక సార్వత్రిక నియమంగా నిలిచింది. ఈ ఆవిష్కరణకు ఆ ఇద్దరికీ 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ మొదట కణకేంద్రంలో పొడవైన ముక్కగా పుడుతుంది. డ్రోషా అనే ఎంజైము దాన్ని అక్కడే కత్తిరించగా, కేంద్రం బయటికి వచ్చాక డైసర్ అనే మరో ఎంజైము ఇంకా చిన్నగా కోస్తుంది. అలా మిగిలిన సుమారు 22 అక్షరాల ముక్క ఆర్గొనాట్ అనే ప్రోటీన్‌లో ఒదిగి, తన మొదటి ఏడెనిమిది అక్షరాలకు జోడీ కుదిరే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను వెతికి పట్టుకుని దాన్ని పనిచేయనివ్వకుండా చేస్తుంది. జోడీకి కావలసిన అక్షరాలు అంత తక్కువ కాబట్టి ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏ పదుల, వందల జన్యువులను అదుపు చేయగలదు. ఒక్కో జన్యువు పలు మైక్రో ఆర్‌ఎన్‌ఏల అదుపులో ఉంటుంది. మనిషిలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. వీటి పరిమాణం పెరిగినా తగ్గినా కణం ఎప్పుడు విభజన చెందాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు చనిపోవాలి అన్న నిర్ణయాలు తారుమారవుతాయి కనుక క్యాన్సర్‌తో వీటికి సంబంధం ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఒక రకం రక్త క్యాన్సర్ రోగుల్లో రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువులు తొలగిపోవడమో అణగిపోవడమో జరుగుతోందని శాస్త్రవేత్త కార్లో క్రోచె బృందం 2002లో చూపగా, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో లెట్-7 తగ్గిన రోగులు శస్త్రచికిత్స తర్వాత తక్కువ కాలమే బతుకుతున్నారని జపాన్ పరిశోధకులు 2004లో ప్రకటించారు. రోగి మనుగడను మైక్రో ఆర్‌ఎన్‌ఏ కొలతతో ముడిపెట్టిన తొలి ఆధారాల్లో అది ఒకటి.

ఆయుష్షుతో కుదిరిన లెక్క

అన్నవాహిక విషయంలో 2008లో చైనా పరిశోధకులు 31 మంది పొలుసు కణ క్యాన్సర్ రోగుల నుంచి కణితి కణజాలాన్నీ, దాని పక్కనున్న మామూలు కణజాలాన్నీ జతలుగా తీసుకుని పోల్చి, మైక్రో ఆర్‌ఎన్‌ఏ-103, 107 ఎక్కువగా ఉన్న రోగుల మనుగడ తక్కువగా ఉందని గుర్తించారు. మరుసటి ఏడాది వెలువడిన ఇంకో అధ్యయనం మరింత విస్తృతమైనది. అమెరికా, కెనడా, జపాన్ ఆస్పత్రుల్లో శస్త్రచికిత్స పొందిన 170 మంది రోగులు, అంటే 100 మంది ఎడినోకార్సినోమా వారు, 70 మంది పొలుసు కణ క్యాన్సర్ వారు, అందులో ఉన్నారు. రెండు రకాల్లోనూ మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 కణితిలో పెరిగి ఉంది. పొలుసు కణ క్యాన్సర్‌లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-375 తగ్గి ఉంది. ఆమ్లం వల్ల మారిన లోపలి పొర నుంచి పుట్టిన ఎడినోకార్సినోమా రోగుల్లో ఈ 375 ఎంత తగ్గితే వ్యాధి గతి అంత దారుణంగా ఉంది. ఈ సంబంధాలు జబ్బు దశ మీద గానీ, గ్రంథులకు పాకిందా లేదా అన్న దాని మీద గానీ ఆధారపడకుండా నిలిచాయి.

ఈ రెండు అణువులూ కణంలో చేసే పనిని బట్టి చూస్తే ఆ లెక్క అర్థమవుతుంది. కణాన్ని అదుపులో ఉంచే పీడీసీడీ4, పీటెన్ వంటి జన్యువులను మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 అణచివేస్తుంది. అది పెరిగితే అదుపు సడలుతుంది. దీనికి భిన్నంగా మైక్రో ఆర్‌ఎన్‌ఏ-375 కణం ఎదుగుదలను ప్రేరేపించే ఐజీఎఫ్1ఆర్ అనే గ్రాహకాన్ని తగ్గించి కణితి పెరుగుదలనూ వ్యాప్తినీ నిరోధిస్తుందని పొలుసు కణ క్యాన్సర్‌పై 2012లో వెలువడిన పరిశోధన తెలిపింది. అది తగ్గితే ఆ నిరోధం పోతుంది. అంటే ఇవి కేవలం జబ్బు తీవ్రతకు పక్కన నిలబడిన సాక్షులు కావు, జబ్బు నడకలో పాత్ర ఉన్నవి కూడా.

ఆ 170 మంది అధ్యయనంలో పాతబస్తీ పాఠకులు ప్రత్యేకంగా గమనించాల్సిన ఫలితం మరొకటుంది. పొలుసు కణ క్యాన్సర్ రోగుల్లో మనుగడను సూచించిన మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 కొలత కణితిలోది కాదు, కణితి పక్కన ఆరోగ్యంగా కనిపించే కణజాలంలోది. పైకి మామూలుగా ఉన్న ఆ పొరలో అది పెరిగి ఉన్నవారే తక్కువ కాలం బతికారు. పొగాకు, మద్యం వంటివి తగిలిన పొర అంతా మార్పు చెందుతుందనీ, అందులో ఒకచోట కణితి లేచినా మిగతా క్షేత్రం కూడా చెడి ఉంటుందనీ వైద్యులు 1953 నుంచి చెబుతున్న సిద్ధాంతానికి ఈ ఫలితం అనుగుణంగా ఉంది. ఇరవై ఏళ్లు జర్దా నమిలిన మనిషిలో కణితిని కోసి తీసేసినా ప్రమాదం పూర్తిగా పోకపోవడానికీ, చికిత్స మొదలయ్యాక కూడా పొగాకు మానడం తప్పనిసరి కావడానికీ కారణం ఇక్కడే ఉంది.

సూచికకు పెట్టాల్సిన పరీక్ష

రోగి మనుగడను సూచించే కొలత ఏదైనా మూడు గట్టి ప్రశ్నలకు నిలబడాలి. మొదటిది, జబ్బు దశ ఇప్పటికే చెబుతున్న దానికి మించి అది కొత్తగా ఏమైనా చెబుతోందా అన్నది. రెండోది, ఒక ఆస్పత్రిలో తేలిన ఫలితం వేరే ఊరి, వేరే దేశపు రోగుల్లో కూడా మళ్లీ తేలుతోందా అన్నది. మూడోది, ఆ కొలత తెలిస్తే వైద్యుడు చేసే పనిలో ఏమైనా మార్పు వస్తుందా అన్నది. మొదటి ప్రశ్నకు మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరిశోధనలు కొంతవరకు ఆశాజనకమైన జవాబే ఇచ్చాయి. రెండోదాని దగ్గర చిక్కులున్నాయి: చాలా అధ్యయనాల్లో రోగుల సంఖ్య పదుల్లోనే ఉంది, కొలిచే పద్ధతులు వేర్వేరుగా ఉన్నాయి, ఒక బృందం ఇచ్చిన అణువుల జాబితా మరో బృందం జాబితాతో చాలాసార్లు కలవడం లేదు. రక్తంలో కొలిచేటప్పుడు ఎర్ర రక్తకణాలు చిట్లితే వాటిలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏ కలిసిపోయి లెక్క తప్పుతుంది. ఈ కారణాల వల్లనే ప్రస్తుత చికిత్సా మార్గదర్శకాల్లో హెర్2, పీడీ-ఎల్1 వంటి ప్రోటీన్ల పరీక్షలకు చోటు ఉన్నా, అన్నవాహిక క్యాన్సర్‌కు మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఇంకా నిత్య వైద్యంలోకి రాలేదు.

హైదరాబాద్ చరిత్రలోనే ఇందుకు ఒక పాఠం ఉంది. ఫలక్‌నుమా సౌధం కడుతున్న రోజుల్లోనే, 1888, 1889 సంవత్సరాల్లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సాయంతో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ నేతృత్వంలో క్లోరోఫామ్ కమిషన్లు ఈ నగరంలో పనిచేసి, మత్తు మందు క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపదనీ, ఊపిరిని గమనిస్తే చాలనీ ప్రకటించాయి. అంత పెద్ద ప్రయత్నం తేల్చిన ఆ నిర్ణయం సరికాదని, క్లోరోఫామ్ గుండె లయను ప్రాణాంతకంగా చెదరగొట్టగలదని 1911 నాటికి ఇతర ప్రయోగాలు నిరూపించాయి. శ్రమ ఎంత నిజాయితీగా చేసినా, వేరే చేతులు మళ్లీ పరీక్షించి నిర్ధారించే దాకా వైద్యంలో ఏ ఫలితమూ ఆఖరి మాట కాదు.

మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. నెదర్లాండ్స్ వైద్యులు 2012లో ప్రకటించిన క్రాస్ అనే చికిత్సా ప్రయోగంలో, శస్త్రచికిత్సకు ముందే కీమోథెరపీ, రేడియేషన్ కలిపి ఇచ్చిన రోగుల్లో సగం మంది 49.4 నెలలకు పైగా జీవించగా, నేరుగా శస్త్రచికిత్స చేసిన వర్గంలో ఆ కాలం 24 నెలలే. ముందస్తు చికిత్స పూర్తి చేసుకుని ఆపరేషన్ చేయించుకున్న పొలుసు కణ క్యాన్సర్ రోగుల్లో దాదాపు సగం మందికి, కోసి తీసిన అన్నవాహికలో క్యాన్సర్ కణాలే కనిపించలేదు. మిగతా సగం మందిలో మాత్రం అవి మిగిలాయి. ఎవరు ఏ వర్గంలోకి వస్తారో తొలి బయాప్సీ ముక్కలోనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ కొలతలు చెప్పగలిగిన నాడు, ఒకరికి మరింత గట్టి మందు ఇవ్వడం, మరొకరికి అనవసరమైన యాతన తప్పించడం సాధ్యమవుతాయి. ఛాతీని తెరిచి, గొట్టాన్ని తొలగించి, జీర్ణాశయాన్ని పైకి లాగి కలిపే ఆ శస్త్రచికిత్స ఎంత కఠినమైనదో తెలిసినవారికి ఈ తేడా విలువ అర్థమవుతుంది. ఆయుష్షు ఎంతో చెప్పి ఊరుకునే పరీక్ష రోగికి భారమే అవుతుంది. చికిత్సను మలచగల పరీక్షే అతనికి అండ.

మన రోగుల్లో తేలాలి

ఇంతవరకు వచ్చిన ఆధారాల్లో అధిక భాగం చైనా, జపాన్, ఉత్తర అమెరికా రోగులవి. ఆ ఫలితాలను ఇక్కడి రోగులకు యథాతథంగా వర్తింపజేయకూడదనడానికి స్పష్టమైన కారణాలున్నాయి. మద్యం శరీరంలో విరిగినప్పుడు పుట్టే అసిటాల్డిహైడ్ అనే విషాన్ని తొలగించే ఏఎల్‌డీహెచ్2 ఎంజైము తూర్పు ఆసియా వారిలో చాలామందికి పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. అక్కడ మద్యం తాగేవారిలో అన్నవాహిక క్యాన్సర్ ముప్పును పెంచే ప్రధాన కారణాల్లో అది ఒకటి. భారతీయుల్లో ఆ లోపం అరుదు. దానికి బదులు ఇక్కడ వక్కలోని రసాయనాలు, నమిలే పొగాకు, పోషకాహార లోపం పనిచేస్తాయి. కారణం మారితే కణంలో జరిగే మార్పులూ కొంత మారవచ్చు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆ మార్పులకు స్పందించే అణువు కాబట్టి దాన్ని ఇక్కడి కణజాలంలోనే కొలవాలి.

ఆ పనికి కావలసిన ముడిసరుకు ఈ నగరంలోనే ఉంది. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955లో రెడ్‌హిల్స్‌లో వెలసిన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి తెలంగాణ పేద రోగులకు దశాబ్దాలుగా పెద్ద దిక్కు. బయాప్సీలో తీసిన ముక్కను ఫార్మాలిన్‌లో నిలవ చేసి, పారాఫిన్ మైనంలో పొదిగి బ్లాకుగా మార్చడం ఏ పాథాలజీ విభాగంలోనైనా నిత్యకృత్యం. పొడవైన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ఆ రసాయనాల్లో ముక్కలైపోతుంది గానీ, మైక్రో ఆర్‌ఎన్‌ఏ అసలే పొట్టిది కావడంతో ఏళ్ల నాటి బ్లాకుల్లో కూడా కొలవడానికి వీలుగా నిలుస్తుంది. అలాంటి బ్లాకుకు రోగి తర్వాతి కాలపు సమాచారం తోడైతే, అంటే చికిత్సకు ఎలా స్పందించాడు, జబ్బు ఎప్పుడు తిరగబెట్టింది, ఎంతకాలం బతికాడు అన్న వివరాలు జతపడితే, అది అమూల్యమైన ఆధారమవుతుంది. 1977లో ఏర్పడిన సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వంటి ప్రయోగశాలలు ఉన్న నగరంలో కొలిచే నైపుణ్యానికి కొరత లేదు. కష్టమంతా రోగిని చివరిదాకా అనుసరించడంలోనే ఉంటుంది: అద్దె ఇల్లు మారినవారు, ఫోన్ నంబరు మార్చినవారు, కూలి పోతుందని తిరిగి పరీక్షకు రానివారు రికార్డుల్లోంచి జారిపోతారు. మనుగడ లెక్కలో అలా జారిపోయిన ప్రతి రోగీ ఒక ఖాళీ. రోగి అనుమతి తీసుకుని, పేరు బయటపడకుండా కాపాడుతూ, ఆశా కార్యకర్తల సాయంతో అతని బాగోగులు కనుక్కుంటూ ఉండే వ్యవస్థకు డబ్బు కేటాయించడం ఖరీదైన యంత్రం కొనడం కంటే తక్కువ పనేమీ కాదు.

ఇప్పుడే చేయగలిగినది

మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష రేపు వస్తుందని ఈ రోజు ఆగనవసరం లేదు. నేటికీ మనుగడను అన్నిటికంటే బలంగా నిర్ణయించేది జబ్బు ఏ దశలో దొరికిందన్నదే. పై పొరకే పరిమితమైన తొలి కణితిని ఎండోస్కోపీ ద్వారానే ఛాతీ కోయకుండా తొలగించే అవకాశం ఉంటుంది. ముద్ద మింగేటప్పుడు అడ్డం పడుతున్నట్టు ఉండటం, మింగితే నొప్పి, కారణం తెలియకుండా బరువు తగ్గడం, గొంతు బొంగురుపోవడం వంటివి రెండు మూడు వారాలకు మించి కొనసాగితే, గ్యాస్ అనో నీరసం అనో మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కుంటూ గడపకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి. నలభై దాటి ఏళ్లుగా పొగాకు వాడుతున్నవారి విషయంలో ఇది మరింత అత్యవసరం. చికిత్స ఖర్చుకు భయపడేవారు తెలుసుకోవాల్సింది ఏమంటే, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం క్యాన్సర్ చికిత్సలకు వర్తిస్తుంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు.

ఒక పురుగులో దొరికిన 22 అక్షరాల ముక్క మూడు దశాబ్దాల్లో మనిషి మనుగడను అంచనా వేసే స్థాయికి రావడం విజ్ఞానశాస్త్రం సాధించిన ఘనత. ఆ అంచనా ఫలక్‌నుమా కూలీకి కూడా పనికొచ్చేది కావాలంటే అతని కణజాలం, అతని అలవాట్లు, అతని ఆయుష్షు ఆ శాస్త్రపు లెక్కల్లోకి రావాలి. అది ప్రభుత్వమూ ఆస్పత్రులూ ప్రయోగశాలలూ కలిసి చేయాల్సిన పని. ఆ లెక్క పూర్తయ్యే లోపు పొగాకు మానేసిన ప్రతి మనిషీ, ముద్ద మొదటిసారి అడ్డం పడ్డప్పుడే ఎండోస్కోపీ గది తలుపు తట్టిన ప్రతి మనిషీ, ఏ అణువూ చెప్పకముందే తన ఆయుష్షును తానే పొడిగించుకుంటున్నాడు.